పదేళ్ళు ఆడే కార్డు

కొచ్కోర్ ఊళ్ళో జోమార్ట్ పేరెత్తితే ఇప్పటికీ ముందు అతని చేతుల గురించే చెబుతారు. కోక్‌బోరు ఆటలో తల తీసిన మేక కళేబరం నేల మీద పడి ఉంటుంది. దాని చుట్టూ గుర్రాలు ఒకదాన్నొకటి రొమ్ములతో తోసుకుంటూ, పళ్ళు ఇకిలిస్తూ గిరగిరా తిరుగుతుంటాయి. ఆ తొక్కిడిలో జీను మీంచి నేలదాకా వాలి, ఒంటి చేత్తో ఆ బరువును పైకి గుంజి, తొడ కింద అదిమిపెట్టి, గుర్రాన్ని గోలుదాకా దౌడు తీయించాలి. కళేబరం ఒకసారి జోమార్ట్ పిడికిట్లో పడిందంటే దాన్ని ఊడలాగే మొనగాడు ఆ చుట్టుపక్కల లేడు.

గుర్రం మీంచి పడ్డ రోజు కూడా అది అతని పిడికిట్లోనే ఉంది. ఎవరో రోడ్ల కాంట్రాక్టరు, కొడుకు పుట్టిన సంబరానికి ఆట పెట్టించి, గెలిచిన జట్టు నాయకుడికి కారు ఇస్తానన్నాడు. చివరి దౌడులో రెండు గుర్రాలు పక్కనుంచి వచ్చి గుద్దాయి. కళేబరాన్ని వదిలేసి జీను పట్టుకుని ఉంటే నిలబడేవాడని చూసినవాళ్ళంతా అంటారు. వదల్లేదు. గుర్రాల కింద పడ్డాడు. నడుము విరిగింది. కాళ్ళు ఆ మధ్యాహ్నమే చచ్చిపోయాయి.

కాంట్రాక్టరు ఆస్పత్రికి వచ్చాడు. వెంట ఫొటోలు తీసేవాణ్ణి కూడా తెచ్చుకున్నాడు. మంచం పక్కన కూర్చుని జోమార్ట్ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, ఎంత ఖర్చయినా సరే విదేశాల్లో వైద్యం చేయిస్తానన్నాడు. మరుసటేడు ఎన్నికల్లో నిలబడినప్పుడు ఆ ఫొటో ఊళ్ళో గోడగోడకీ ఎక్కింది. మనిషి మాత్రం మళ్ళీ రాలేదు. ఆ వేసవి చివర్లో అతనితో పెళ్ళి కావలసిన పిల్ల తరపువాళ్ళు వచ్చి, నిశ్చయం నాడు పిల్ల చెవులకు పెట్టిన కమ్మల్ని రుమాలులో కట్టి తిరిగిచ్చారు. టీ తాగారు, రొట్టె తుంచుకున్నారు, వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళిపోయారు.

తల్లిదండ్రులు అప్పటికే లేరు. జోమార్ట్‌ని ఎత్తుకుని ఇంటికి తీసుకొచ్చింది అన్న షైలో. షైలో కొచ్కోర్ నుంచి రాజధాని బిష్కెక్‌కి జనాన్ని చేరవేసే వ్యాను నడుపుతాడు. భార్య గుల్‌సున్ ఉన్నితో తివాచీలు కుట్టి అమ్ముతుంది. అత్తింటి మగవాళ్ళని కోడలు పేరుపెట్టి పిలవకూడదు గనక ఆమె జోమార్ట్‌ని మొదటినుంచీ "చిన్నబ్బాయీ" అనే పిలిచేది. నడుము విరిగి, గడ్డం పెరిగి, మంచాన పడ్డాక కూడా అతను ఆమెకి చిన్నబ్బాయే.

మొదటి రెండేళ్ళూ జోమార్ట్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. వచ్చినవాళ్ళు అతని వీపుతో మాట్లాడి వెళ్ళేవాళ్ళు. చివరికి షైలో ఏదో బడివాళ్ళు పాత కంప్యూటర్లు తీసేస్తుంటే ఒకటి తెచ్చి మంచం పక్కన పెట్టాడు. "గోడకంటే ఇది నయం కదరా, కనీసం రంగులు మారుతుంటాయి," అన్నాడు. అదే నిజమైంది. జోమార్ట్ దాన్ని విప్పాడు, దుమ్ము ఊదాడు, ఒక్కొక్క భాగం మార్చుకుంటూ వచ్చాడు. ఆటలు మొదలుపెట్టాడు. గుర్రాలున్న ఆట మాత్రం ఒక్కటీ ముట్టలేదు. అతనికి నచ్చింది లారీల ఆట. బరువు ఎక్కించుకుని దేశాలు దాటి, వానలో, మంచులో, గంటలకొద్దీ బండి తోలడమే అందులో ఉన్నదంతా. అందులోనే అవతలి దేశంలో, కరగండాలో ఉండే వితాలీ పరిచయమయ్యాడు. వితాలీ బొగ్గు గనిలో కరెంటు పని చేసి రిటైరైన ముసలాయన. ఇద్దరూ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఒకరి లారీ వెనక ఒకరు తోలుకుంటూ, లోకంలో ఉన్నవాళ్ళందరినీ తిట్టుకుంటూ వెళ్ళేవాళ్ళు.

అతను పడ్డ ఏడో ఏడు చలికాలం మొదట్లో, కంప్యూటర్‌లో బొమ్మలు చూపించే పాత గ్రాఫిక్స్ కార్డుకి జబ్బు చేసింది. కాసేపు ఆడగానే తెర మీద ఆకుపచ్చ గీతలు పడేవి. ఆ తర్వాత ఫ్యాను గురకపెట్టేది, రోడ్డూ కొండలూ ముక్కలైపోయి కంప్యూటర్ ఆగిపోయేది.

"దానికి శ్రాద్ధం పెట్టేయరా," అన్నాడు వితాలీ. "కొత్తది చూసుకో. కార్డు కొనేవాళ్ళు రెండు రకాలు. ఒకడు ఇవాళ స్నేహితులంతా కుళ్ళుకోవాలని కొంటాడు. ఇంకోడు మళ్ళీ పదేళ్ళదాకా కొట్టు మెట్లు ఎక్కే పని లేకుండా కొంటాడు. నువ్వే రకం?"

"నేను ఏ మెట్లూ ఎక్కలేను కదా, ముసలోడా."

వితాలీ పగలబడి నవ్వాడు. జోమార్ట్ ఇలాంటి జోకు వేస్తే ముఖం మాడ్చుకోకుండా నవ్వే మనిషి ప్రపంచంలో అతనొక్కడే.

చలికాలమంతా జోమార్ట్‌కి అదే పని. రోజూ పొద్దున్నే టీ తాగి, కార్డుల గురించి జనం రాసుకున్నవి చదివేవాడు. ఏది ఎన్నేళ్ళు బతికింది, ఏది ఎక్కడ కాలిపోయింది, ఎవరు ఎందుకు ఏడ్చారు అన్నీ చూసేవాడు. చదివినదాన్ని వితాలీ దగ్గర పెట్టేవాడు.

"వేగం చూసి మోసపోకు," అనేవాడు వితాలీ. "మెమరీ చూడు. ఎనిమిది జీబీ అంటారు, దణ్ణం పెట్టి వచ్చేయ్. నాలుగేళ్ళు తిరిగేసరికి కొత్త ఆట ఏదొచ్చినా దానికి ఊపిరాడదు. పదహారు ఉండాలి. తర్వాత వేడి. వేడిని లాగే రెక్కలు దట్టంగా ఉండాలి, ఫ్యాన్లు పాడైతే విడిగా మార్చుకునేట్టుండాలి. చవగ్గా వస్తోంది కదా అని క్రిప్టో నాణేలు తవ్వే షెడ్లలోంచి వచ్చిన సరుకు మాత్రం కొనకు. మా ఊరి చుట్టుపక్కల ఆ షెడ్లు ఎన్ని చూశాననుకున్నావ్? పగలూ రేత్రీ ఆగకుండా మండిస్తారు. తర్వాత కడిగి, తుడిచి, పెళ్ళికూతుర్లా పెట్టెలో పెట్టి అమ్ముతారు."

"మా కరెంటు సంగతి ఏంటి మరి? చలికాలం వస్తే బల్బు కూడా మిణుగురు పురుగులా అయిపోతుంది."

"అందుకే స్టెబిలైజరు. ఇంకోటి, ఎక్కువ కరెంటు తాగే కార్డు వద్దు. తక్కువ తిని ఎక్కువ కాలం నడిచేది చూడు."

జోమార్ట్‌కి ఆ మాట బాగా పట్టింది. గుర్రాన్ని బేరమాడేటప్పుడు కూడా అతను పరుగు చూసేవాడు కాదు. దౌడు తీశాక దాని ఊపిరి ఎంతసేపటికి నిమ్మళిస్తుందో డొక్క మీద చెయ్యేసి చూసేవాడు. కార్డుల్లోనూ అదే వెతికాడు. చివరికి ఒకటి ఖాయం చేసుకున్నాడు. అన్నిటికంటే వేగమైనది కాదు. మూడు ఫ్యాన్లు, పదహారు జీబీ, నిండా పని చేస్తున్నప్పుడు కూడా వేడెక్కని రకం. దాన్ని సరిగ్గా చూసుకుంటే పదేళ్ళు ఆడుతుందని లెక్కేసుకున్నాడు.

దానికి కావలసిన డబ్బు మరోవైపు నుంచి వచ్చింది. ఒకరోజు షైలో పొయ్యి దగ్గర కూర్చుని చేతులు కాచుకుంటూ, "కరగెర్‌ని అడుగుతున్నార్రా," అన్నాడు. కరగెర్ అంటే జోమార్ట్ ఆడిన గుర్రం. అతను పడ్డప్పటినుంచీ అది దొడ్లోనే ఉంది.

"ఎవరు?"

"సోన్‌కోల్ సరస్సు దగ్గర పర్యాటకుల్ని గుర్రాలెక్కించి తిప్పుతాడే, ఆయన. ఈ ఏడు గడ్డి కూడా దొరకట్లేదు. దాన్ని ఎంతకాలమని కట్టేసి ఉంచుతాం?"

"కోతకి కాదుగా?"

"ఛ! కోతకైతే నీకు చెబుతానా?"

జోమార్ట్ కిటికీవైపు చూశాడు. ఒకప్పుడు ఎదుటి గుర్రాల మెడలు కొరికిన మగ గుర్రం ఇప్పుడు గొడుగులు పట్టుకున్న ఆడాళ్ళని మోస్తూ, ఫొటోలకి నిలబడుతుంది. "అమ్మేయ్," అన్నాడు. "ఆ డబ్బుతో నాకో కార్డు కొనిపెట్టు."

"ఎలాంటిది?"

"పదేళ్ళు ఆడేది."

షైలో పొయ్యిలో బొగ్గు కదిపాడు. కదపాల్సిన అవసరం ఏమీ లేదు. "పదేళ్ళా," అని మాత్రం అన్నాడు.

మంచు కరగడం మొదలయ్యాక ఇద్దరూ బిష్కెక్ వెళ్ళారు. షైలో ఆ రోజు వేరే ప్రయాణికుల్ని ఎక్కించుకోలేదు. జోమార్ట్‌ని ముందు సీట్లో కూర్చోబెట్టి, తువ్వాలు మడిచి నడుము వెనక పెట్టాడు. బూమ్ లోయ పొడుగునా జోమార్ట్ కార్డు గురించే మాట్లాడాడు. షైలో ఊఁ కొట్టాడు. కంప్యూటర్ సామాన్ల కొట్లన్నీ ఒక భవనం పై అంతస్తులో ఉన్నాయి. లిఫ్టు తలుపుకి తాళం వేసి ఉంది.

"వీపు మీద ఎక్కు, తీసుకుపోతా," అన్నాడు షైలో.

"నీ నడుము కూడా ఊడిందంటే ఇద్దర్నీ వదినే మొయ్యాలి. ఫోన్లో చూపించు, ఇక్కణ్ణుంచే చూస్తా."

అలా వ్యానులో కూర్చునే జోమార్ట్ కొట్టంతా చూశాడు. అమ్మే ఆవిడ పేరు నుర్జమాల్. గలగలా మాట్లాడే మనిషి. అతను అడిగిన కార్డు తీసి ఫోను ముందు పెట్టింది. వెనక్కి తిప్పమన్నాడు, తిప్పింది. కరెంటు తగిలించే చోటు దగ్గరగా చూపించమన్నాడు, చూపించింది. పెట్టె మీద సీలు ముందే ఎవరైనా చింపారా అని అడిగాడు. ఫ్యాను చేత్తో తిప్పి చూపించమన్నాడు. ఎన్నేళ్ళ గ్యారంటీ, చెడిపోతే ఎక్కడికి తేవాలి, మార్చిస్తారా, బాగుచేసిస్తారా అని అడిగాడు.

"తమ్ముడూ, కార్డు కొంటున్నావా, చెల్లెలికి సంబంధం చూస్తున్నావా?" అంది ఆవిడ.

"సంబంధమైతే ఇంత అడగను అక్కా. చెడితే వెనక్కి పంపేస్తారు, నాకు తెలుసు. కార్డే వెనక్కి తీసుకోరు."

ఆవిడ నవ్వింది. జోమార్ట్ కూడా నవ్వాడు. అంత తేలిగ్గా నవ్వి చాలాకాలమైంది. "అదే, నల్లది. అదే ఇమ్మను అన్నా," అన్నాడు.

"ఉండు, బేరమాడతా," అని షైలో ఫోను చొక్కా జేబులో పడేశాడు. ఆపడం మరిచాడు.

జోమార్ట్ చేతిలోని తెర నల్లగా అయింది. గుడ్డ రాపిడి, ఎవరో పక్కనుంచి నడిచిపోయిన చప్పుడు వినిపించాయి. బేరం విందామని ఫోను చెవికి ఆనించుకున్నాడు.

"చెల్లెమ్మా," అంటున్నాడు షైలో, "ఆ పక్కనున్న చిన్నది చాలదా?"

"అది మీ తమ్ముడు అడిగింది కాదు కదా. అది రెండు మూడేళ్ళకి మించి పనికిరాదు."

"రెండు మూడేళ్ళు చాలు."

"ఆయన పదేళ్ళంటుంటే?"

గుడ్డ మళ్ళీ ఒరుసుకుంది. తర్వాత షైలో గొంతు తగ్గించాడు. గొంతు జేబుకి దగ్గరగా ఉంది గనక ఆ మాట ముందటి మాటలకంటే స్పష్టంగా వినిపించింది. "వాడికి అంత టైము లేదమ్మా. పోయిన శరత్తులోనే డాక్టరు చెప్పాడు. కిడ్నీలు పోతున్నాయి. వాడికి తెలీదు. మేం చెప్పలేదు."

"అయ్యో దేవుడా," అంది నుర్జమాల్.

ఆవిడ ఆ తర్వాతి మాట మంచి మనసుతోనే అంది. ఎన్నిసార్లు తలుచుకున్నా జోమార్ట్‌కి అందులో చెడు కనపడలేదు. "అయితే అన్నా, పెద్దదే తీసుకోండి. చిన్నది రెండేళ్ళయ్యాక ఊరికే ఇచ్చినా ఎవరూ పట్టుకెళ్ళరు. పెద్దది... తర్వాత కూడా మంచి ధర పలుకుతుంది. పెట్టె మాత్రం పారేయకండి. పెట్టెతో ఉంటే ఇంకా బాగా అమ్ముడుపోతుంది."

షైలో ఆలోచించాడు. "అంతేనంటావా? సరే అయితే, పెద్దదే ఇవ్వు."

జోమార్ట్ ఫోను ఆపేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కాసేపటికి షైలో నల్ల పెట్టె చంకలో పెట్టుకుని, మెట్లు దిగి, ఎండలో కళ్ళు చికిలిస్తూ వచ్చాడు. "నువ్వడిగిందే తెచ్చా," అన్నాడు సంతోషంగా. నిజంగా సంతోషంగానే ఉన్నాడు.

దారిలో లోయ మధ్య ఒక పూటకూళ్ళింటి దగ్గర ఆగి షైలో లగ్మాన్ తెచ్చాడు. జోమార్ట్ గిన్నె ఒళ్ళో పెట్టుకుని, సేమ్యాల మీద నూనె గడ్డకట్టడం చూస్తూ కూర్చున్నాడు. చలికాలంలో జరిగినవన్నీ ఒక్కొక్కటీ ముందుకొచ్చి నిలబడ్డాయి. గుమ్మానికి చక్రాల కుర్చీ దిగేలా వాలు కట్టిస్తానని షైలో పోయిన శరత్తుకి ముందు సిమెంటు కూడా తెచ్చాడు. తర్వాత ఆ మాటే ఎత్తలేదు. చిరిగిన కోటు మార్చాలని వదిన ఏటా అనేది. ఈ ఏడు అనలేదు. భోజనాల దగ్గర పెద్దవాళ్ళకి మర్యాదగా పెట్టే మాంసపు ఎముక ఈ మధ్య అతని పళ్ళెంలోకి వస్తోంది. "నాకెప్పుడొచ్చింది వదినా ఈ పెద్దరికం?" అని నవ్వాడు ఒకసారి. గుల్‌సున్ గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అది ప్రేమ అనుకున్నాడు. ప్రేమే కావచ్చు కూడా.

"తినవేంరా?" అన్నాడు షైలో.

"కడుపు బాలేదు."

షైలో చటుక్కున అతని ముఖంలోకి చూశాడు. ఆ చూపుతో ఇక అనుమానం కూడా మిగల్లేదు.

ఇంటికొచ్చాక జోమార్ట్ తన చేతులతోనే కార్డు బిగించాడు. షైలో ఖాళీ పెట్టెలో అట్టముక్కలు, ప్లాస్టిక్ సంచి అన్నీ మడిచి పెట్టి, బీరువా మీద గోడవైపుగా దాచాడు. వితాలీతో కలిసి లారీ తీశాడు జోమార్ట్. బొమ్మ ఎంత బాగుందంటే అద్దం మీద పడ్డ మంచు రేణువు కరిగి జారడం కూడా కనిపించింది.

"ఎలా ఉందిరా కొత్త పెళ్ళాం?" అన్నాడు వితాలీ.

"బాగుంది."

"అంతేనా? చలికాలమంతా నా ప్రాణం తోడేసి, బాగుంది అంతేనా?"

"తల నొప్పిగా ఉంది ముసలోడా," అని హెడ్‌ఫోన్లు తీసేశాడు.

మర్నాడు షైలో బండి తీసుకుని వెళ్ళిపోయాక గుల్‌సున్ నేల మీద ఉన్ని పరిచి కత్తిరిస్తోంది. జోమార్ట్ కుర్చీ నెట్టుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు.

"వదినా, నా కిడ్నీల సంగతేంటి?"

కత్తెర ఆగిపోయింది. "ఎవరు చెప్పారు?"

"అన్న జేబు చెప్పింది."

ఆమెకి అర్థం కాలేదు. అతను కొట్లో జరిగింది చెప్పాడు. గుల్‌సున్ ఏడవలేదు. చాలాకాలంగా ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నదానిలా కూర్చుంది. "నీకు చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నానో చిన్నబ్బాయీ," అంది. "తెలిస్తే మళ్ళీ గోడవైపు తిరుగుతావని ఆయన భయం. ఉన్నన్నాళ్ళు నవ్వుతూ ఉండనీ అన్నాడు. కిడ్నీల్లో రాళ్ళు తీయించకపోతే రెండేళ్ళకి మించి..." అని, చటుక్కున ఆపేసింది.

"తీయించకపోతే?"

గుల్‌సున్ ఉన్ని ముక్కని వేళ్ళ మధ్య నలిపింది.

"వదినా. తీయించకపోతే, అన్నావు. తీయిస్తే?"

"ఆయన్నే అడుగు," అంది గొణుగుతున్నట్టు.

జోమార్ట్ ఆయన్ని అడగలేదు. పోయిన శరత్తులో తనకి పరీక్షలు చేసిన డాక్టరుకే ఫోను చేశాడు. పేరు చెప్పగానే డాక్టరు గుర్తుపట్టి, గొంతు కటువుగా చేసుకున్నాడు.

"ఇప్పుడు తెలివొచ్చిందా? అప్పుడే బిష్కెక్ వెళ్ళమంటే మొండికేశావట కదా?"

"నేనా?"

"నువ్వు కాక నేనా? ఆపరేషన్ వద్దు, ఇంట్లోనే పోతాను అన్నావని మీ అన్న వచ్చి చెప్పి వెళ్ళాడు. కాగితం మీద సంతకం కూడా పెట్టాడు." డాక్టరు ఆగాడు. "నువ్వు అనలేదా?"

"ఇప్పుడైనా చేస్తారా డాక్టరుగారూ?" అన్నాడు జోమార్ట్.

"ఒక కిడ్నీ పోయినట్టే అనుకో. రెండోదాన్ని కాపాడొచ్చు. కానీ ఇక ఆలస్యం చేస్తే నా దగ్గరికి రావద్దు."

సాయంకాలం వ్యాను దొడ్లోకి వచ్చి ఆగింది. షైలో దిగి, రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని, కాసేపు అలాగే వంగి నిలబడ్డాడు. అతని నడుము ఎప్పటినుంచో బాగాలేదు. రోజూ పొద్దున తమ్ముణ్ణి మంచం మీంచి ఎత్తి కుర్చీలో, కుర్చీలోంచి ఎత్తి స్నానానికి, మళ్ళీ మంచం మీదికి, ఇదంతా అతని వీపే మోసింది. జోమార్ట్ గుమ్మంలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"నేను రానన్నానా అన్నా, బిష్కెక్‌కి?"

షైలో నిటారుగా లేవబోయాడు, లేవలేకపోయాడు. ఎవరు చెప్పారని అడగలేదు. వ్యాను మెట్టు మీద కూర్చున్నాడు.

"ఆపరేషన్ టేబుల్ మీదే పోవచ్చని కూడా అన్నాడు డాక్టరు. అది చెప్పాడా నీకు?"

"చెప్పలేదు. చెప్పినా వెళ్ళేవాణ్ణి."

"నువ్వు వెళ్ళేవాడివిరా. తీసుకెళ్ళేది నేను. తీసుకెళ్ళాక పోతే, షైలో తమ్ముణ్ణి కోయించి చంపాడంటారు. ఇంట్లో పోతే దేవుడు తీసుకుపోయాడంటారు." ముఖం తుడుచుకున్నాడు. "నేను అలిసిపోయాను జోమార్ట్. ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు పొద్దున లేచి నిన్ను ఎత్తకుండా టీ తాగాలనిపించింది. డాక్టరు ఆ మాట చెప్పినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, ఇంకో రెండేళ్ళు, అనుకున్నాను. అనుకున్నాక ఇక దాన్ని మనసులోంచి తీయలేకపోయాను."

లోపల గుల్‌సున్ పాత్రల చప్పుడు ఆగిపోయింది. జోమార్ట్ కోపం కోసం వెతుక్కున్నాడు. అరవాలని, ఏదైనా విసరాలని ఉంది. ఎదురుగా ఉన్నది ఏడేళ్ళుగా తన మలమూత్రాలు ఎత్తిన మనిషి. చావు కోసం ఎదురుచూసిందీ ఆ మనిషే. ఒకదాన్ని చెరిపి రెండోదాన్ని ఉంచుకోవడానికి వీల్లేకుండా రెండూ ఒకే ముఖంలో కూర్చున్నాయి.

"నన్ను బిష్కెక్‌లో దింపు," అన్నాడు చివరికి. "దింపితే చాలు. ఆ తర్వాత నువ్వు హాయిగా టీ తాగు."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. కానీ అన్నాడు, షైలో విన్నాడు.

ఆపరేషన్ ప్రభుత్వ ఆస్పత్రిలోనే అయినా మందులకీ, మిగతావాటికీ డబ్బు కావాలి. అమ్మడానికి గుర్రం కూడా లేదిప్పుడు. జోమార్ట్ కార్డు ఊడదీసి కొట్టుకి ఫోను చేశాడు. నుర్జమాల్ గొంతు వెంటనే గుర్తుపట్టింది.

"ఏం తమ్ముడూ, పాడైందా అప్పుడే?"

"లేదక్కా, బంగారంలా ఉంది. వెనక్కి తీసుకుంటారేమోనని."

"వాడినది కదా... పెట్టె ఉందా?"

"ఉంది. మా అన్న భద్రంగా దాచాడు. పెట్టె పారేయొద్దని మీరే చెప్పారుగా."

ఆ మాట తను ఎవరితో అందో ఆవిడకి గుర్తొచ్చినట్టుంది. తర్వాత ఆవిడ, "పంపించు," అంది. ఎంత ఇస్తారని అతను అడగలేదు. ఆవిడ, అతను కొన్న ధరంతా పంపింది. దాంతోపాటు ఒక్క మాట కూడా పంపలేదు.

వితాలీకి మాత్రం అంతా చెప్పాడు. ముసలాయన ఆ రోజు జోకులు వేయలేదు. "నా దగ్గర పాత కార్డు ఒకటి ఉంది, పంపనా?" అన్నాడు. జోమార్ట్ వద్దన్నాడు. "ముందు బతికి రా అయితే," అని, ఆటలోని తన లారీ హారన్ ఫోన్లో వినపడేలా మోగించి పెట్టేశాడు.

ఒక కిడ్నీ తీసేశారు. రెండోదానిలో రాళ్ళు తీసి, దాన్ని నిలబెట్టారు. వార్డులో జోమార్ట్ చాలా వారాలు ఉన్నాడు. గుల్‌సున్ వీలైనప్పుడల్లా వచ్చి పులుసు తాగించి వెళ్ళేది. షైలో తన ప్రయాణికుల్ని దింపాక వ్యాను ఆస్పత్రి గేటు బయట ఆపేవాడు. నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టెముక్కలూ, పెరుగూ మూటకట్టి నర్సు చేత లోపలికి పంపేవాడు. తను మాత్రం పైకి ఎక్కేవాడు కాదు. ఆ ఆస్పత్రిలో లిఫ్టు పనిచేస్తోంది.

బయటికొచ్చాక జోమార్ట్ కొచ్కోర్ వెళ్ళలేదు. నగరం చివర ఒక ఇంట్లో కింది గది అద్దెకు తీసుకున్నాడు. మంచం మీంచి కుర్చీలోకి తనే మారడం నేర్చుకున్నాడు. ఆ చేతులు దానికి ఎప్పుడో సరిపోయి ఉండేవి. ఎవరూ నేర్పలేదు, అతనూ అడగలేదు. అన్న ఎత్తుతుంటే ఎత్తించుకున్నాడు. ఆ సంగతి తరచూ తలుచుకుంటాడు. అన్న నడుము చెడడానికి ఇన్నేళ్ళు ఒళ్ళో ఊరికే కూర్చున్న తన చేతులు కూడా కారణమే కదా అనిపిస్తుంది. మరుక్షణం డాక్టరు చెప్పిన సంతకం గుర్తొస్తుంది. అప్పుడు జాలి ఆగిపోతుంది.

ఒక ట్యాక్సీ కంపెనీలో ఫోన్లు ఎత్తే పని దొరికింది. కంపెనీవాళ్ళిచ్చిన కంప్యూటర్‌లో ఆటలేవీ నడవవు. పటం మీద చుక్కలు కదులుతుంటాయి, ఏ చుక్కని ఏ వీధికి పంపాలో చెప్పడమే పని. ఆటల కోసం వేరే కంప్యూటర్ కొనుక్కోవచ్చు, డబ్బులు కూడబెడితే కార్డు కూడా కొనుక్కోవచ్చు. కొనలేదు. కార్డుల గురించి చదవడం మానేశాడు. వితాలీ అప్పుడప్పుడు ఫోను చేసి, లారీలు లేకుండా ఉత్త మాటలతో ఎంతసేపని నడిపిస్తావురా అని విసుక్కుంటాడు.

ఆ శరత్తులో ఒక మధ్యాహ్నం ఒకాయన బండి కోసం ఫోను చేశాడు. యాస వినగానే జోమార్ట్‌కి తెలిసిపోయింది.

"కొచ్కోర్ నుంచా పెద్దాయనా?"

"అవునయ్యా. నీదీ అక్కడేనా? ఎవరి పిల్లాడివి?"

జోమార్ట్ తండ్రి పేరు చెప్పాడు. ముసలాయన గొంతు ఒక్కసారి కరిగిపోయింది. "నువ్వా! కోక్‌బోరు జోమార్ట్‌వి! బతికున్నావన్నమాట. ఊళ్ళో నీ అన్న గురించే చెప్పుకుంటారయ్యా. డాక్టర్లు వదిలేసినా వాడు వదల్లేదట కదా. గుర్రాన్ని అమ్మి, నిన్ను భుజాన వేసుకుని బిష్కెక్ తీసుకొచ్చి కోయించాడట. మొన్న ఒక విందులో నలుగురిలోనూ వాణ్ణి లేపి నిలబెట్టి దీవించాం. పెద్ద ఎముక వాడికే పెట్టాం. ఇలాంటి అన్న ఎంతమందికుంటాడు చెప్పు?"

షైలోయే ఇదంతా చెప్పుకున్నాడా, లేక ఊరు అల్లిన కథని కాదనలేక దీవెన పుచ్చుకుని కూర్చున్నాడా? జోమార్ట్‌కి తెలియలేదు. అడిగితే ముసలాయన చెప్పేవాడే.

"ఏమయ్యా, లైన్లో ఉన్నావా?"

"ఉన్నాను పెద్దాయనా. మీరన్నది నిజమే, అలాంటి అన్న అందరికీ ఉండడు." జోమార్ట్ పటం మీద ఖాళీ చుక్క కోసం వెతికాడు. "మీరెక్కడ నిలబడ్డారో చెప్పండి, బండి పంపిస్తాను."